పద్నాలుగో నంబరావిడ

పుస్తకాల వ్యాను తోటల వీధి మలుపు తిరగకముందే తేదీలమ్మ సీట్లోంచి లేచి, డ్రైవరు తలమీదున్న చిన్న అద్దంలో మొహం చూసుకుంది. చెదిరిన జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది. అద్దం చాలక మెడ అటూ ఇటూ తిప్పింది.

"ఏంటక్కా, పెళ్ళిచూపులా?" అన్నాడు డ్రైవరు.

"అంతకంటే పెద్దవి. ఇంటి చూపులు. కుదిరితే వచ్చే నెల నుంచి ఈ వీధిదాన్నే నేను."

"అయితే గురువారాలు నా పక్క సీటు ఖాళీ. నువ్వు చెప్పులేసుకుని నడిచొచ్చేస్తావు."

"ముందు రోడ్డు చూసి తోలు."

ఆవిడకు అసలు పేరొకటి ఉంది గానీ, జీతాల రిజిస్టరులో తప్ప అది ఇంకెక్కడా వినపడదు. పుస్తకం వెనక అట్ట మీద తిరిగి ఇవ్వాల్సిన తేదీ ముద్ర కొట్టేది ఆవిడ కనక తేదీలమ్మ అయింది. పిల్లలు పెట్టిన పేరు పెద్దలకూ అంటుకుంది.

వ్యాను చెట్టు నీడలో ఆగింది. తేదీలమ్మ వెనక తలుపులు రెండూ బార్లా తీసి, ఇనప మెట్టు కిందికి లాగి, అది ఊగకుండా ఒక అట్టముక్క మడిచి దాని కింద దోపింది. స్టూలు మీద కూర్చుని కార్డుల ట్రే ఒళ్ళో పెట్టుకుంది. ఏ వీధి ట్రే ఆ వీధిదే. అందులో కార్డులు పేర్ల వరసలో ఉండవు, ఇంటి నంబర్ల వరసలో ఉంటాయి. ఒకే పేరు పదిమందికి ఉండొచ్చు, నంబరుకి రెండోది ఉండదని నేర్పిన పాత గుమాస్తా ఎప్పుడో రిటైరై వెళ్ళిపోయాడు గానీ పద్ధతి మాత్రం ఉండిపోయింది. అలా అలవాటై, ఆవిడ మనసులో మనుషులు కూడా నంబర్లే. ముద్ర మీది చిన్న చక్రాన్ని బొటనవేలి గోటితో తిప్పి, రెండు వారాల తర్వాతి తేదీకి తెచ్చి, చిత్తుకాగితం మీద కొట్టి చూసుకుంది.

మూడయిందో లేదో వచ్చేశారు.

ముందు పద్నాలుగో నంబరావిడ. ఎప్పుడూ పరుగే. తడి చేతులు రుమాలుకి తుడుచుకుంటూ, చంకలో పుస్తకం జారిపోతుంటే మోచేత్తో నొక్కిపట్టి వస్తుంది.

"అప్పుడే ముద్ర కొట్టకండి. ముందు నా మాట వినండి. హంతకుడు డాక్టరే!" అంది గట్టిగా.

"చివరి పేజీ చూశారా?"

"నా మీద ఒట్టు, చూడలేదు. ఇంకా ఇరవై పేజీలున్నాయి, మళ్ళీ నా పేరనే రాయండి. నూటపదో పేజీలో వాడు చేతులు కడుక్కున్నాడండీ. ఒకసారి కాదు, రెండుసార్లు! ఊరికే ఎవడు కడుగుతాడు రెండుసార్లు?"

"డాక్టరన్నాక కడుక్కోడా?" అన్నాడు వెనకనుంచి ఇరవై రెండో నంబరాయన. సన్నటి మనిషి, గోళ్ళలో ఎప్పుడూ మట్టి. వేలితో అక్షరాల కింద గీస్తున్నట్టు చదువుతాడు కనక ఎప్పుడూ పల్చటి పుస్తకాలే పట్టుకెళ్ళేవాడు. ఈసారి లావుపాటిది తీసి, బరువు చూసి, "ధైర్యం చేస్తున్నానండీ" అన్నాడు.

ఏడో నంబరు పిల్లకి ఇరవై రెండేళ్ళుంటాయేమో. వరసలో నిలబడలేక కాళ్ళు మార్చుకుంటోంది. "మా తాతగారి ఓడ నిన్న మునిగిపోయిందండీ. పొద్దుట్నించీ రెండో భాగం, రెండో భాగం అని ప్రాణం తీస్తున్నారు. ఉందా, లేకపోతే నన్నూ ముంచేస్తారు."

తేదీలమ్మ ఆ పుస్తకం ముందే తీసి స్టూలు కింద దాచి ఉంచింది. అది అందించి పిల్ల మొహం చూసింది. మంచంలో ఉన్న తాతకు రోజూ చదివి వినిపించే మనవరాలు ఈ కాలంలో ఎంతమందికి దొరుకుతుంది? మొక్కలు పెంచుకుంటూ బతికే మనిషి, పరిగెత్తుకొచ్చి హంతకుణ్ణి పట్టించే ఇల్లాలు, ఈ పిల్ల! ఇలాంటి వీధి ఊరు మొత్తం గాలించినా ఉండదు.

ఇక ఆగలేకపోయింది. "మీకో కబురు. ఇరవై ఆరో నంబరులో పైభాగం అమ్ముతున్నారట. శనివారం మేం చూడ్డానికొస్తున్నాం."

పద్నాలుగో నంబరావిడ చెయ్యి రుమాల్లో అలాగే ఆగిపోయింది. "ఎవరు? మీరా? కొనుక్కోడానికే?"

"అద్దెలు చాలు తల్లీ. పదకొండిళ్ళు మారాం. పక్కింటావిడతో నాలుగు మాటలు కలిసేసరికి సామాను లారీ ఎక్కుతుంది. ఈసారి ఎక్కిన మెట్లు మళ్ళీ దిగను. సోమవారం పొద్దున మాటివ్వాలి. బ్యాంకు కాగితం కూడా వచ్చేసింది."

"అమ్మో! అయితే ఇక మిమ్మల్ని కూడా అమ్మగారూ అనాలేమో" అంది ఏడో నంబరు పిల్ల.

అందరూ నవ్వారు. తేదీలమ్మ కూడా నవ్వింది, అది వేళాకోళమనుకుని. "శనివారం మీ ఇంటికొస్తా, టీ పెట్టండి" అంది పద్నాలుగో నంబరావిడతో.

"శనివారమా! పాతికమంది భోజనాలు. ఊపిరాడదు."

"పోనీ ఆదివారం?"

"ఆదివారం నేనిక్కడుండను."

ఎంత సందడి మనిషో అనుకుంది తేదీలమ్మ. ముద్ర కొడుతుంటే ఆ రోజు చెయ్యి కూడా తేలిగ్గా ఆడింది.

శుక్రవారం మధ్యాహ్నం ఒక పూట సెలవు పెట్టి రేకుల సందుకి వెళ్ళింది, భర్తతో. ఒక్క ఇల్లే చూసి కొంటే తర్వాత జన్మంతా రెండోది చూడలేదనే బెంగ ఉంటుందని ఆయన పట్టుబట్టాడు. ఆయన ప్లంబరు. ఆవిడ తేదీలమ్మ అయినట్టే ఆయన పైపులాయన. పనికి కాకపోయినా భుజాన సంచి ఉంది, అందులో రెంచీలు గలగలమంటున్నాయి.

"ఇల్లు చూడ్డానికి అవెందుకండీ?"

"మొహం చూడ్డానికి నువ్వు కళ్ళజోడు పెట్టుకోవూ? ఇదీ అంతే."

రేకుల సందు తేదీలమ్మకు కొత్తేం కాదు. ప్రతి మంగళవారం పదకొండింటికి వ్యాను అక్కడా ఆగుతుంది. వచ్చేది ఇద్దరే. ఏ పుస్తకం ఇచ్చినా అక్షరాలు చీమల్లా ఉన్నాయని దెబ్బలాడే ముసలాయన ఒకరు, ప్రతి పేజీ మూలా గ్రీజు వేలిముద్ర వేసిచ్చే సైకిలు షాపతను ఇంకొకరు. ఈ సందుకి చదువు ఎక్కదని డ్రైవరుతో అంటూనే ఉంటుంది. ట్రేలో కార్డులు కూడా చేతివేళ్ళకి సరిపోతాయి.

ఆ మధ్యాహ్నమూ సందు అలాగే ఉంది. ఒక పక్క రేకుల షెడ్లు, లోపల సుత్తి దెబ్బలు. రెండో పక్క మూడేసి అంతస్తుల పాత ఇళ్ళు, గుమ్మం గుమ్మానికీ తాళాలు. అడ్డంగా కట్టిన తాళ్ళమీద ఆరేసిన బట్టలు తప్ప మనుషులున్న జాడ లేదు.

"ఇక్కడ మనుషుల కంటే చొక్కాలే ఎక్కువున్నట్టున్నాయి" అన్నాడు పైపులాయన.

ఇల్లు తొమ్మిదో నంబరు మేడలో మూడో అంతస్తు. అమ్మేది రిటైరైన టీచరమ్మ. చేతిలో తాళాల గుత్తి పట్టుకుని, ఒక్కో గది తలుపు తీసినప్పుడల్లా హాజరు పిలుస్తున్నట్టు చెప్పింది, "వంటగది. పడకగది. ఇంకో గది, దీన్ని మీరేమనుకుంటే అది."

పైపులాయన వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పాడు. అది ముందు దగ్గింది, తర్వాత ఎర్రగా ఉమ్మింది.

"ఒక్క నిమిషం ఓపిక పట్టండి, తెల్లబడతాయి" అంది టీచరమ్మ, తన పిల్లాడు సభలో అల్లరి చేసినట్టు సిగ్గుపడుతూ.

ఆయన చెవి గోడకి ఆనించి విన్నాడు. వేలితో పైపు మీద కొట్టాడు. "కిందనుంచీ తుప్పేనమ్మా. పుట్టినప్పట్నించీ ఎవరూ ముట్టుకోలేదు."

తేదీలమ్మ బాల్కనీలోకి వచ్చింది. పక్క మేడ బాల్కనీ చెయ్యి చాపితే అందేలా ఉంది. "అమ్మేసి వెళ్తున్నారు కదా, బెంగగా లేదా?" అనడిగింది.

"ఉంది. అందుకే బేరం ఆడనివ్వడంలేదు" అంది టీచరమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "మా చెల్లెలొక్కతే ఉంది ఆ ఊళ్ళో. పడిపోతే లేపే దిక్కు లేదు. వెళ్ళాలి మరి. మీరు సాయంత్రం వచ్చి చూడాల్సింది. మా సందు సాయంత్రం చూడాలి."

"అలాగే, వీలు చూసుకుని" అంది తేదీలమ్మ. మనసప్పటికే తోటల వీధిలో ఉంది.

శనివారం తోటల వీధికి ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్ళారు. వీధి సంఘం సెక్రటరీ గేటు దగ్గరికే ఎదురొచ్చాడు. తెల్లటి మీసాలు, మెత్తటి మాట.

"మీరేం చేస్తుంటారు?" అన్నాడు లిఫ్టులో.

"పైపుల పనండీ" అన్నాడు ఆయన.

"ఓ, పైపుల వ్యాపారమా! మంచి గిరాకీ. అమ్మగారు?"

"పుస్తకాల్లో ఉంటానండీ."

"ప్రచురణా? బావుంది, బావుంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వు రాకుండా లిఫ్టు అంకెలు చూస్తూ నిలబడ్డారు.

ఇల్లు చూడగానే తేదీలమ్మ గబగబా కిటికీల దగ్గరికి నడిచింది. కిటికీలు నిలువెత్తున ఉన్నాయి, గచ్చు మీద ఎండ పరిచినట్టు పడుతోంది. ఇక్కడ కుర్చీ వేసుకోవాలి, ఇక్కడ పుస్తకాలు, ఇదిగో ఈ కిటికీలోంచి చూస్తే వ్యాను ఆగే చెట్టు! లోపల్నించి పైపులాయన కేక వినపడింది, "ఏమోయ్, ఇలా రా!" వెళ్ళి చూస్తే స్నానాలగదిలో అన్ని కొళాయిలూ ఒకేసారి తిప్పి, చేతులు కట్టుకుని పాట వింటున్నవాడిలా నిలబడున్నాడు. "చూశావా? నాలుగూ తిప్పినా ధార సన్నబడలేదు. ఇది కట్టినవాడెవడో గానీ వాడికి దణ్ణం పెట్టాలి."

"అయితే నచ్చినట్టేనా?"

"నాదేముంది, నీళ్ళే చెప్తుంటే."

సంతోషం వస్తే ఆవిడకు భయం కూడా దాని వెనకే వస్తుంది. ఎక్కడ చేజారిపోతుందోనని, అప్పుడే కిటికీ గడియ ఒకసారి వేసి తీసి చూసుకుంది, తనదే అన్నట్టు.

సెక్రటరీ కింద తన ఇంట్లో టీ ఇప్పించాడు. పూలకుండీల గురించి చెప్పాడు. ఆ తర్వాత బల్లమీంచి ఒక అట్ట తీసి, దానికి పెట్టిన కాగితం ఆవిడవైపు తిప్పాడు. "ఎలాగూ మీరూ ఈ వీధివాళ్ళయిపోతున్నారు. సోమవారం పంపాలి ఇది. మీ సంతకం కూడా ఉంటే బావుంటుంది."

"ఏంటండీ ఇది?"

"చిన్న విషయమే. గురువారం గురువారం మూలమీద ఒక వ్యాను ఆగుతుంది, పుస్తకాల వ్యాను. దాని చుట్టూ వీధిలో పనివాళ్ళంతా గుమిగూడతారు. ఇంకెక్కడికైనా మార్చమని అర్జీ."

తేదీలమ్మ కప్పు సాసరులో పెట్టేసింది. "పనివాళ్ళా?"

"అంతా వాళ్ళే. ఇళ్ళవాళ్ళం మేమెక్కడ వెళ్తాం, టైమెక్కడుంది?"

"పద్నాలుగో నంబరావిడ..."

"పద్నాలుగా? అక్కడ వంటమనిషి ఒకతుంది. ఆవిడ గొంతే! వీధి చివర దాకా, హంతకుడు, హంతకుడు అని. వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

"అది డాక్టరు గురించండీ" అంది తేదీలమ్మ నెమ్మదిగా.

"ఏ డాక్టరు?"

ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుంది. "ఏడో నంబరులో తాతగారు..."

"పాపం, మంచంలో ఉన్నారు. ఒక నర్సుపిల్లని పెట్టారు. ఇరవై రెండుకి మంచి తోటమాలి దొరికాడు, వాడూ ఆ పుస్తకాల పిచ్చిలోనే ఉన్నాడు. చెడ్డవాళ్ళని కాదండీ. గొడవ చేస్తారనీ కాదు. నిలబడతారు, నవ్వుతారు. వీధికో పద్ధతుంటుంది కదా."

కాగితం మీద ఇంటి నంబర్లు వరసగా ఉన్నాయి. ఏడు. పద్నాలుగు. ఇరవై రెండు. తన ట్రేలో ఉన్న వరసే. ఎదురుగా ఉన్న సంతకాలు మాత్రం మూడేళ్ళలో ఒక్కసారి కూడా తను చూడనివి. అన్నీ పొడుగాటి, తీరుబడి సంతకాలు.

సెక్రటరీ కలం మూత తీసి ఇచ్చాడు. ఆవిడ తీసుకుంది కూడా. పైపులాయన గొంతు సవరించుకున్నాడు.

"వ్యాను వాళ్ళనడిగారా?" అంది.

"వాళ్ళనడిగేదేముంది? ఆఫీసుకి రాస్తే వాళ్ళే మారుస్తారు."

అది నిజమేనని ఆవిడకు తెలుసు. వాళ్ళ సూపరింటెండెంటు ఒక్క అర్జీకే హడలిపోయే మనిషి. ఇరవై సంతకాలంటే మరుసటి వారానికే వ్యాను రాదు.

కలం మూత పెట్టి బల్లమీద ఉంచింది. "ఇంకా కొనలేదు కదండీ మేము. అప్పుడే ఎలా పెడతాను?"

"అవునవును, న్యాయమే" అన్నాడాయన. "సోమవారం చెప్పండి. ఇల్లు సంగతీ, ఇదీ రెండూ ఒకేసారి."

బస్సులో పక్కపక్క సీట్లు దొరికాయి. కండక్టరు టిక్కెట్లిచ్చి వెళ్ళాక ఆయనే, "ధార మాత్రం అద్భుతం" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కదాని.

"మూడేళ్ళండీ. ప్రతి గురువారం. మీరేం చేస్తారని ఒక్కరినీ అడగలేదు నేను. నంబరడిగాను, రాసుకున్నాను. ఆ పిల్లని మనవరాలనుకున్నాను! అమ్మగారూ అనాలేమో అంటే వేళాకోళమనుకుని నవ్వాను."

"నేను మాత్రం? ఏ ఇంటికెళ్ళినా పెరటిదోవన వెళ్ళేవాణ్ణి. ఇవాళ ముందు లిఫ్టు ఎక్కేసరికి కళ్ళు కనపళ్ళేదు."

"ఇప్పుడేం చేద్దాం?"

"ఇల్లు మంచిది. సంతకం పెట్టకు. ఇల్లు కొనుక్కో. రెండూ నీ చేతిలో ఉన్నవేగా."

అది సబబుగానే వినపడింది. కానీ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, గురువారం మూడింటికి చెట్టుకింద ఖాళీ నీడ కనపడుతుంది. ఆ వీధిలో తనకు తెలిసినవాళ్ళే వాళ్ళు. వాళ్ళు కూడా సాయంత్రమయ్యేసరికి ఎక్కడికో వెళ్ళిపోతారు. ఎక్కడికో అదీ అడగలేదు.

ఆదివారం సాయంత్రం మళ్ళీ రేకుల సందుకి బయల్దేరారు, టీచరమ్మకు కాదని చెప్పడానికి. అలాంటి మాట ఫోన్లో చెప్తే పాపమని ఆవిడ, ఎర్రనీళ్ళకి ఏం చెయ్యాలో ఒక ముక్క చెప్పొస్తానని ఆయన.

సందు మొదట్లోనే తేదీలమ్మ ఆగిపోయింది. తప్పు వీధికొచ్చామా అని వెనక్కి తిరిగి బోర్డు చూసింది.

షెడ్లు మూసి ఉన్నాయి. మూసిన రేకుల ముందు బల్లలు, కుర్చీలు, తిరగేసిన పెట్టెలు. గుమ్మాలన్నీ తెరిచి ఉన్నాయి. మొన్న తాళ్ళమీద చూసిన చొక్కాలన్నిట్లోకీ మనుషులొచ్చారు. ఒకాయన అద్దం గోడకి ఆనించి పక్కింటాయనకి జుట్టు కత్తిరిస్తున్నాడు, ఆ జుట్టు గురించి పైనుంచి ముగ్గురు సలహాలిస్తున్నారు. తలంటుకున్న ఆడవాళ్ళు మెట్లమీద జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. ఇరవై రెండో నంబరాయన, కాదు తోటమాలి, విరిగిన బకెట్లలో మట్టి నింపుతున్నాడు. వాళ్ళ గుమ్మం ముందు పైకి అన్ని మెట్లమీదా మొక్కలే, కాలు పెట్టడానికి ఇంత జాగా.

"అదీ సంగతి" అన్నాడు పైపులాయన.

తొమ్మిదో నంబరు మేడ మెట్లమీద ఒక పదిమంది పైకీ కిందికీ సర్దుకుని కూర్చున్నారు. గ్రీజు వేళ్ళ సైకిలు షాపతను, అక్షరాలు చీమలన్న ముసలాయన కూడా. అందరికంటే పై మెట్టు మీద, కళ్ళజోడు ముక్కు మీదికి జారి, పద్నాలుగో నంబరావిడ. చేతిలో పుస్తకం.

"డాక్టరు మెల్లగా తలుపు తీశాడు..." అని పైకి చదువుతోంది. చదవడం ఆపి, "చెప్పానా? నేను ముందే చెప్పానా?" అంది.

"నువ్వు చెప్పింది చాల్లే, ఆయన చెప్పేది చదువు" అన్నాడు ముసలాయన.

అంతలో ఆవిడ తలెత్తింది. తేదీలమ్మని చూసింది. పుస్తకం గబుక్కున వెనక్కి పెట్టేసుకుంది, బడిలో పట్టుబడ్డ పిల్లలా. "అమ్మో, తేదీలమ్మ!"

మెట్లన్నీ లేచి నిలబడ్డాయి.

"మీరేంటిక్కడ?" అంది వంటావిడ.

"మీరేంటిక్కడ?" అంది తేదీలమ్మ.

"మా ఇల్లండీ! కిందగది. ఇరవయ్యేళ్ళ నుంచి." వెనకున్న పుస్తకం సగం బయటికి తీసి, "ఒకరి పేరన తీసుకున్నది ఇంకొకరికివ్వకూడదని రూలు కదా, తెలుసు. ఎవరికీ ఇవ్వలేదండీ. చదివేది నేనే. వీళ్ళు వింటున్నారంతే. చెవులకి కూడా కార్డులు కావాలా?"

తేదీలమ్మకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి, ఏది ముందో తెలియలేదు. "ఇన్నేళ్ళూ నేను మంగళవారం ఇదే మెట్ల ముందు వ్యాను పెట్టుకుని ఈగలు తోలుకుంటున్నాను కదమ్మా! ఒక్కరూ రారేమని తిట్టుకుంటూ!"

"మంగళవారం పదకొండింటికి ఇక్కడెవరుంటారండీ? అందరం అక్కడుంటాం. మీరు అక్కడికొచ్చేది మాకు కాస్త వీలున్నప్పుడు. మా కోసమే ఆ టైము పెట్టారనుకున్నాం."

నిజానికి ఆ టైము డ్రైవరు భోజనాన్నిబట్టి పెట్టింది.

ఎవరో కుర్చీ తెచ్చారు. కూర్చోలేదు. దాచుకోవడం చేతకాని మనిషి, నిలబడే అర్జీ సంగతి మొత్తం చెప్పేసింది. సెక్రటరీ, కాగితం, నంబర్లు. జుట్టు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు కూడా ఆగింది.

"మా అమ్మగారు కూడా పెట్టారా సంతకం?" అంది వంటావిడ.

"పద్నాలుగు ఉంది."

ఆవిడ పుస్తకం అట్ట మీద చెయ్యి రాసింది. "రోజూ వడ్డించేటప్పుడు కథ నేనే చెప్తానండీ ఆవిడకి. నిన్న డాక్టరు దగ్గర ఆపాను. ఇవాళ పొద్దున్నే ఫోను, 'ఆదివారమైతే ఏం, తర్వాతేమైందో చెప్పి పెట్టెయ్' అని." ఒక్కసారి తలెగరేసింది. "చెప్పను! హంతకుణ్ణి ఆవిడే సంతకం పెట్టి కనుక్కోమనండి!"

సందు సందంతా గొల్లుమంది. పైన బాల్కనీల వాళ్ళకి వినపడక "ఏమంది? ఏమంది?" అంటే కిందనుంచి చెప్పారు, అక్కడ మళ్ళీ నవ్వులు. తోటమాలి మాత్రం నవ్వకుండా, "మరి నా లావు పుస్తకం సగంలో ఉంది కదండీ" అన్నాడు.

"వ్యాను ఇక్కడికే రావాలి. ఇదే మెట్ల దగ్గరికి, ఆదివారం సాయంత్రం" అంది తేదీలమ్మ. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఆవిడకే తెలియదు. "ఆదివారం పనిచేసేదెవరంటారు ఆఫీసులో. నేనంటాను. వాళ్ళు అర్జీలకి భయపడతారు కదా, మనమూ ఇద్దాం ఒకటి. ఎంతమందున్నారు మీరు?"

"మీకు దూరమవుతుంది కదండీ" అంది వంటావిడ. "అక్కడ తీసుకుంటున్నారుగా ఇల్లు. బావుంటుందా? ఇరవై ఆరో నంబరు వంటగది పెద్దదని విన్నాను."

"పెద్దదే."

"తీసుకోండి. మేం చూడండి, అద్దెవాళ్ళం. రేపు ఖాళీ చెయ్యమంటే ఎల్లుండి ఎక్కడుంటామో తెలీదు. మా కోసమని చూసుకోకండి."

తేదీలమ్మ పైకి చూసింది. పైపులాయన లేడు. అప్పటికే సంచి భుజాన వేసుకుని మూడో అంతస్తుకి ఎక్కేసినట్టున్నాడు. పైనుంచి రెంచీ చప్పుడొస్తోంది.

ఇంతలో ఏడో నంబరులో పనిచేసే నర్సుపిల్ల గుంపుని తప్పించుకుంటూ దగ్గరికొచ్చింది. తడి జుట్టు భుజాల మీద వదిలేసుంది. చేతిలో ఒక ఫారం, కలం.

"తాతగారికి రెండో భాగం అయిపోవచ్చిందండీ" అంది. తర్వాత కాస్త తటపటాయించి, "పెద్దాసుపత్రిలో ఉద్యోగానికి పెట్టుకుంటున్నాను. వస్తే ఏ ఊరు వేస్తారో తెలీదు. నెలా, రెండు నెలలు పట్టొచ్చు. రేపే పంపాలి. అన్నీ నింపాను, ఇదొక్కటే..." వేలితో చూపించింది. శాశ్వత చిరునామా అని ఉంది. ఎదురుగా ఖాళీ గీత. "నేనుండే గది మాట ఇవాళ్టికే. ఆర్డరు వచ్చేసరికి అక్కడ ఇంకెవరుంటారో. ఇల్లు కొనుక్కుంటున్నారు కదా మీరు. ఏమనుకోకపోతే మీ నంబరు వేసుకోనా? ఉత్తరం వస్తే కాస్త దాచి ఉంచితే చాలు."

తేదీలమ్మ ఆ గీత వైపు చూసింది. ఇలాంటి ఫారాలు తనూ ఎన్నో నింపింది. ప్రతిసారీ ఆ గీత దగ్గర కలం ఆగేది, ఎవరో బంధువుల ఊరు రాసి తలవంచుకునేది. ఇప్పుడీ పిల్ల తననడుగుతోంది. అడిగి వెళ్ళిపోతుంది. ఈ మెట్లమీద కూర్చున్నవాళ్ళలో ఇంకెంతమంది వెళ్ళిపోతారో. అందరినీ సాగనంపుతూ తను ఇక్కడే నిలబడాలి. 

"రాసుకో" అంది.

పిల్ల మోకాలి మీద ఫారం పరుచుకుంది.

"తొమ్మిది బై మూడు, రేకుల సందు."

కలం ఆగింది. మెట్లమీద వాళ్ళందరూ ఆవిడవైపు చూశారు. బాల్కనీలోంచి టీచరమ్మ సగం బయటికి వంగి, "ఏమండోయ్, నేనింకా అమ్మలేదు!" అంది.

"మేం కొనేశాం లెండి" అన్నాడు ఆవిడ పక్కనుంచి పైపులాయన. మోచేతుల దాకా ఎర్రనీళ్ళు. "పైపులు నా పని. నాలుగు ఆదివారాలు చాలు."

వంటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల ఒక్కో అక్షరం విడివిడిగా, గీత దాటకుండా రాసుకుంటూ పోయింది.

"పిన్‌కోడు కూడా వెయ్యి" అంది తేదీలమ్మ వంగి చూస్తూ. "పోస్టుమాన్ తికమకపడితే మళ్ళీ నీ ఉత్తరం ఇంకెక్కడికో పోతుంది."